కొలత ఎక్కడి నుంచి వచ్చింది? రోబోటిక్స్ జట్లు క్యాడ్ నేర్చుకోవాల్సిన తీరు

హైదరాబాద్‌లో క్యాడ్, అంటే కంప్యూటర్‌లో భాగాలు గీసి డిజైన్ చేయడం, నేర్చుకునే చోట్లకు కొదవ లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా ఒక కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో డ్రాయింగ్ ల్యాబులు ఉండనే ఉన్నాయి. అయినా, రోబోటిక్స్ జట్టులో కొత్తగా చేరిన విద్యార్థి చేతిలో ఒక మోటారు, ఒక రేకు ముక్క పెట్టి దీనికి బ్రాకెట్ గీయమంటే చెయ్యి ఆగిపోతుంది. కమాండ్లు రాక కాదు. ఎక్స్‌ట్రూడ్, ఫిల్లెట్, మిర్రర్ అన్నీ వచ్చు. కానీ కోర్సులో ఇచ్చే కాగితం మీద ప్రతి కొలతా ముందే అచ్చయి ఉంటుంది, దాన్ని చూసి మోడల్ చేస్తే పని అయిపోతుంది. రోబోకు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు. బెజ్జాల మధ్య దూరం ఎంత, రేకు ఎంత మందం ఉండాలి, చక్రానికీ ఛాసిస్‌కీ (రోబో చట్రానికీ) మధ్య ఎంత ఖాళీ వదలాలి అన్నది గీసేవాళ్లే తేల్చుకోవాలి.

కాబట్టి రోబోటిక్స్ జట్టుకు క్యాడ్ నేర్పడమంటే ముందుగా కొలత తేల్చడం నేర్పడం. మోడల్‌లో ఉన్న ప్రతి సంఖ్యకూ ఒక పుట్టుక ఉండాలి. అది వెర్నియర్ అనే కొలత పరికరంతో తీసినదో, పోటీ నిబంధన పెట్టిన హద్దో, బజారులో దొరికే భాగం సైజో, కోసే మెషిన్ చేయగలిగిన పరిమితో అయ్యుండాలి. వీటిలో ఏదీ కాని సంఖ్య అందాజాగా పెట్టినదే. తెర మీద అది మిగతా సంఖ్యల్లాగే కనిపిస్తుంది. రేకు కోసి తెచ్చాక బోల్టు దూరనప్పుడు బయటపడుతుంది.

మొదట వెర్నియర్, తర్వాత మౌస్

మొదటి రెండు క్లాసుల్లో కంప్యూటర్ తెరవకపోయినా నష్టం లేదు. 150 మి.మీ. డిజిటల్ వెర్నియర్ ఒకటి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మోటార్లు, సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) నాలుగైదు, ఒక నోట్‌బుక్ చాలు. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, లోతు తీయడం గంటలో వస్తుంది. విద్యార్థులు తడబడేది రెండు బెజ్జాల మధ్య దూరం దగ్గర. కేంద్రం అనేది కంటికి కనిపించే వస్తువు కాదు, అక్కడ వెర్నియర్ కొన ఆనించడానికి ఏమీ ఉండదు. దీనికి తేలికైన దారి ఉంది. రెండు బెజ్జాల బయటి అంచుల మధ్య ఒకసారి, లోపలి అంచుల మధ్య ఒకసారి కొలిచి, రెండింటినీ కూడి సగం చేయాలి. నీమా 17 స్టెప్పర్ మోటారు ముఖం మీద బయటి కొలత 33.5, లోపలి కొలత 28.5 వస్తే, కేంద్రాల మధ్య దూరం 31 మి.మీ. ఆ మోటారు ప్రామాణిక కొలత కూడా అదే కాబట్టి, విద్యార్థి చెయ్యి ఎంత నమ్మదగిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నీమా 17కు ప్రామాణికత ఉంది. 608 బేరింగ్‌కూ ఉంది: లోపల 8, బయట 22, మందం 7 మి.మీ., రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా మారదు. కానీ మన జట్లు ఎక్కువగా వాడే జాన్సన్ గేర్డ్ మోటారు, చిన్న సర్వోలు, చౌక చక్రాలు అలా కావు. ఒకే పేరుతో అమ్మే రెండు మోటార్లలో షాఫ్ట్ చదును చేసిన చోట మందం వేరుగా ఉండొచ్చు, బోల్టు బెజ్జాల వలయం వేరుగా ఉండొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ మోడల్‌ను దించుకుని వాడే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఆ మోడల్ ఎవరో ఎక్కడో వాళ్ల దగ్గరున్న మోటారును చూసి గీసినది. బోల్టు, నట్టు, బేరింగ్ లాంటి వాటికి దాన్ని నమ్మొచ్చు. మోటారుకు మాత్రం కొన్న మోటారునే కొలిచి, మన మోడల్ మనమే గీసుకోవాలి. అందం అక్కర్లేదు. ఒక స్తంభం, ముందు ఉబ్బెత్తు భాగం, షాఫ్ట్, నాలుగు బెజ్జాలు, వెనక వైరు బయటికొచ్చే చోటు ఉంటే చాలు. వైరు చోటు మర్చిపోతే, గోడకు ఆనించి బిగించాల్సిన మోటారు చివరి నిమిషంలో 10 మి.మీ. ముందుకు జరుగుతుంది.

నీలం గీత నలుపు అయ్యే దాకా

ఆన్‌షేప్, ఫ్యూజన్, సాలిడ్‌వర్క్స్ అనే మూడు క్యాడ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఒక ఏర్పాటు ఉమ్మడిగా ఉంది. స్కెచ్‌లో, అంటే భాగానికి ముందుగా గీసే చదును బొమ్మలో, కొలతలతో ఇంకా స్థిరపడని గీత నీలంగా, పూర్తిగా స్థిరపడినది నలుపుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేర్పాల్సిన మొదటి క్రమశిక్షణ ఇదే: నీలం మిగిలిన స్కెచ్‌ను ఎక్స్‌ట్రూడ్ చేయొద్దు, అంటే మందమున్న ఆకారంగా లాగొద్దు. సాఫ్ట్‌వేర్ అడ్డుపడదు, చేసేసుకోనిస్తుంది. వారం తర్వాత ఎవరో పక్క కొలత మార్చినప్పుడు ఆ బెజ్జం చెప్పాపెట్టకుండా 2 మి.మీ. జరుగుతుంది.

అయితే నలుపు రావాలని ప్రతి గీతకూ కొలత తగిలించడం కూడా తప్పే. 120 మి.మీ. వెడల్పు పలకలో రెండు వైపులా బెజ్జాలు పెట్టాలనుకుందాం. ఎడమ బెజ్జం అంచు నుంచి 10, కుడి బెజ్జం ఎడమ అంచు నుంచి 110 అని రాస్తే ఈరోజుకు సరిపోతుంది. రేపు పలకను 150 చేస్తే కుడి బెజ్జం 110 దగ్గరే నిలబడిపోతుంది, అంచు మాత్రం దూరం జరిగిపోతుంది. పలక మధ్యలో ఒక కేంద్ర రేఖ గీసి, రెండు బెజ్జాలకూ సిమెట్రీ (రేఖకు రెండు వైపులా సమాన దూరం) పెట్టి, అంచు నుంచి 10 అనే ఒక్క కొలత ఇస్తే వెడల్పు ఎంత మారినా రెండూ అంచుల వెంటే నడుస్తాయి. రెండు స్కెచ్‌లూ చూడ్డానికి ఒకటే, రెండూ నలుపే. తేడా పట్టుకోవాలంటే కొలత మార్చి చూడాలి. విద్యార్థి చేసిన మోడల్‌ను దిద్దేవాళ్లు బొమ్మను చూసి మార్కులు వేయకూడదు. పెద్ద కొలతలు రెండు మార్చి, మోడల్ చెదిరిందో లేదో చూడాలి.

రేకు మందాన్ని ఎప్పుడూ వేరియబుల్‌గా పెట్టుకోవాలి. 6 మి.మీ. ప్లైవుడ్ అని కొన్నది 5.5 ఉండొచ్చు, 3 మి.మీ. యాక్రిలిక్ షీటు 2.8 ఉండొచ్చు. మందం ఇరవై చోట్ల 6 అని చేత్తో టైపు చేసి ఉంటే, పలకలు ఒకదానిలో ఒకటి దూరే గాళ్లన్నీ వదులైపోతాయి. వేరియబుల్ ఉంటే షీటు కొన్నాక వెర్నియర్ పెట్టి ఒక్క చోట మారిస్తే సరిపోతుంది.

రోబో మొత్తం ఒక్క స్కెచ్‌లో

భాగాలు విడివిడిగా గీసి చివర్లో కలుపుదామనుకునే జట్టు చివర్లో ఇరుక్కుంటుంది. అనుభవం ఉన్న జట్లు ముందు లేఅవుట్ స్కెచ్ వేస్తాయి. పక్క నుంచి చూసినట్టు ఒక బొమ్మ, పై నుంచి చూసినట్టు ఒక బొమ్మ, గీతలు, వృత్తాలు మాత్రమే. మందాలు లేవు, బోల్టులు లేవు. ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) అనే రోబోటిక్స్ పోటీ అయితే ముందుగా 457.2 మి.మీ. చతురస్రం గీయాలి, ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో ఇమడాలి కాబట్టి. దాని లోపల 445 దగ్గర మరో చతురస్రం వేసుకుని, డిజైన్‌ను అందులోనే ఉంచాలి. ఆ మిగిలిన 12 మి.మీ.లోకే బోల్టు తలలు, వైర్లు, జిప్ టైల తోకలు, రేకు వంపులో వచ్చే తేడాలు వచ్చి చేరతాయి. 457 నిండా డిజైన్ చేసిన రోబో తనిఖీ పెట్టెలో దూరదు.

చేయి లాంటి కదిలే భాగాన్ని లేఅవుట్‌లోనే తిప్పి చూడొచ్చు. ఇరుసు నుంచి 350 మి.మీ. పొడవున్న చేయి అర కిలో వస్తువును అడ్డంగా చాచి పట్టుకోవాలంటే, చేతి బరువు లెక్కలోకి రాకముందే 17.5 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. ఎంజీ996ఆర్ సర్వో 6 వోల్టుల దగ్గర పూర్తిగా ఆగిపోయే ముందు ఇచ్చేదే సుమారు 11. ఈ లెక్క ఒక గీత పొడవు చూసి చేయగలిగినది, మోడల్ అంతా పూర్తయ్యే దాకా ఆగనక్కర్లేదు. గీతను 200కు తగ్గించాలా, గేర్లు పెట్టాలా అన్నది ఆ రోజే తేలుతుంది.

బెల్టు దగ్గర లేఅవుట్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 5 మి.మీ. పిచ్ (పంటికీ పంటికీ మధ్య దూరం) ఉన్న టైమింగ్ బెల్టు, రెండు వైపులా 24 పళ్ల పుల్లీలు అనుకుందాం. పుల్లీ చుట్టుకొలత 24 పళ్లు ఇంటూ 5, అంటే 120. రెండు పుల్లీలూ ఒకటే కాబట్టి బెల్టు పొడవు, కేంద్రాల మధ్య దూరానికి రెట్టింపు, దానికి 120 కలిపితే వస్తుంది. దూరం 140 పెడితే 400 మి.మీ. బెల్టు, 80 పళ్లు. కొత్త విద్యార్థి చూపుకు బాగుందని దూరం 145 పెడతాడు, అప్పుడు 410 కావాలి. ఆ పొడవు షాపులో లేకపోతే ప్లేటు మళ్లీ కోయించాల్సిందే. ముందు దొరికే బెల్టు సైజు కనుక్కుని, దాని నుంచి దూరాన్ని లెక్కకట్టాలి. అప్పుడు కూడా ఒక వైపు మోటారు బెజ్జాలను 3 మి.మీ. పొడవు గాళ్లుగా పెడితే బెల్టు బిగించుకునే వీలుంటుంది. గేర్లకు ఈ వీలు తక్కువ. మాడ్యూల్ (గేరు పంటి సైజు) 1, రెండు గేర్ల పళ్లు 20, 60 అయితే కేంద్రాల మధ్య దూరం సరిగ్గా 40 మి.మీ. లేజర్‌తో కోసిన ప్లేట్లలో 0.1 కలిపి 40.1 పెట్టడం మేలు. దగ్గరైన గేర్లు పట్టేసి మోటారును వేడెక్కిస్తాయి, కాస్త దూరమైనవి చప్పుడు చేస్తాయి గానీ తిరుగుతాయి.

బోల్టు పట్టే బెజ్జం, అలెన్ కీ పట్టే చోటు

ఎం3, అంటే 3 మి.మీ. వ్యాసం బోల్టుకు 3 మి.మీ. బెజ్జం పెట్టడం ప్రతి కొత్త జట్టూ చేసే పొరపాటు. బోల్టు దూరాలంటే ఎం3కి 3.4, ఎం4కి 4.5, ఎం5కి 5.5 పెట్టాలి. అదే లోహంలో టాప్ కొట్టి థ్రెడ్ చేయాలంటే 2.5, 3.3, 4.2. ఈ ఆరు సంఖ్యలు వర్క్‌షాపు గోడ మీద పెద్దక్షరాలతో అంటించి ఉండాలి. 3డీ ప్రింట్‌లో బెజ్జాలు కుంచించుకుపోతాయి కాబట్టి ఇంకో 0.2 నుంచి 0.3 కలపాలి. ఎం3 నట్టు కూర్చునే గుంతకు, నట్టు అడ్డు కొలత 5.5 కాబట్టి, 5.7 గీస్తే చేత్తో నొక్కితే దిగుతుంది, తిరగదు.

బెజ్జం సరిపోయినంత మాత్రాన బోల్టు బిగించగలమని కాదు. తెర మీద బోల్టు గోడల్లోంచి కూడా దూరిపోతుంది. ఎం4 క్యాప్ బోల్టు తల 7 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. ఎత్తు. దాన్ని తిప్పాలంటే 3 మి.మీ. అలెన్ కీ నిటారుగా దిగే చోటు, ఆ కీ అడ్డ చేయి కనీసం కొంత తిరిగే జాగా ఉండాలి. తరచుగా కనిపించే తప్పు ఒకటి: మోటారు బోల్టుల తలలు పుల్లీ కిందికి వస్తాయి. పుల్లీ తీస్తే గానీ మోటారు రాదు. పుల్లీని షాఫ్ట్‌కు బిగించే సెట్ స్క్రూ ఏమో ఛాసిస్ వైపు తిరిగి ఉంటుంది. పోటీ మధ్యలో మోటారు కాలితే మార్చడానికి అరగంట పడుతుంది, దొరికేది మాత్రం ఐదు నిమిషాలు. అసెంబ్లీలో అలెన్ కీ మోడల్‌ను కూడా ఒక భాగంగా పెట్టి, ప్రతి బోల్టు దగ్గరికీ జరిపి చూస్తే ఇది ముందే దొరుకుతుంది. పావుగంట పని. ఇంటర్‌ఫెరెన్స్ చెక్ దీన్ని పట్టుకోలేదు. అది భాగాలు ఒకదానిలోకి ఒకటి దూరాయా అన్నదే చూస్తుంది, చెయ్యి దూరుతుందా అన్నది చూడదు.

కటింగ్‌కు ఇచ్చే ముందు

నగరంలో కోయించడానికి దారులు చాలానే ఉన్నాయి. బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో జాబ్ వర్క్ చేసేవాళ్లు ఉన్నారు. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ 78 వేల చదరపు అడుగుల ప్రోటోటైపింగ్ కేంద్రం. ఎక్కడికి వెళ్లినా లేజర్‌కు కావాల్సింది కోయాల్సిన గీతలుండే డీఎక్స్‌ఎఫ్ ఫైలే. తప్పులు ఎక్కువగా యూనిట్లలో జరుగుతాయి. అంగుళాల్లో ఎగుమతి చేసిన ఫైలును మిల్లీమీటర్లుగా తెరిస్తే ప్లేటు 25.4 రెట్లు చిన్నదైపోతుంది. అంత తేడా కంటికి కనిపిస్తుంది కాబట్టి షాపువాళ్లు అడుగుతారు. అడగకుండా స్కేలు సరిచేసి కోసేస్తేనే చిక్కు, అప్పుడు తేడా అర మిల్లీమీటరులో దాక్కుంటుంది. ఫైలుతో పాటు కాగితం మీద ప్లేటు పొడవు, వెడల్పు, లోహం పేరు, మందం, ఎన్ని ముక్కలు అన్నవి రాసివ్వాలి. ఒకే గీత ఒకదాని మీద ఒకటి రెండుసార్లు ఉందేమో చూడాలి, ఉంటే లేజర్ అదే దారిలో రెండుసార్లు నడిచి అంచును కాల్చేస్తుంది.

లేజర్ కిరణానికీ వెడల్పు ఉంటుంది. మెషిన్‌లో సవరణ పెట్టకపోతే 22 మి.మీ. బేరింగ్ బెజ్జం 22.1 లేదా 22.2 అవుతుంది, బేరింగ్ జారి పడిపోతుంది. పెద్ద ప్లేటు కోయించే ముందు అదే షీటు నుంచి అరచేయంత ముక్కలో 21.7, 21.8, 21.9, 22.0 బెజ్జాలు నాలుగు కోయించి బేరింగ్ నొక్కి చూడాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే దిగి, తలకిందులు చేసినా పడనిది సరైన సైజు. ఆ షాపు, ఆ లోహం, ఆ మందానికి ఆ సంఖ్య రాసిపెట్టుకోవాలి.

వంచే రేకు మరో లెక్క. 2 మి.మీ. అల్యూమినియంలో రెండు వైపులా బయటి కొలత 30 ఉండే ఎల్ బ్రాకెట్ కావాలి. 30కి 30 కలిపి 60 మి.మీ. పట్టీ కోయించే జట్లు ఎన్నో. వంపు లోపలి వ్యాసార్ధం 2 అనుకుంటే ఒక్కో వైపు చదును భాగం 26. వంపు దగ్గర రేకు తీసుకునే పొడవు, కే-ఫ్యాక్టర్ (వంపులో పొడవు మారని పొర రేకు మందంలో ఎంత లోతున ఉందో చెప్పే నిష్పత్తి) 0.44 దగ్గర, సుమారు 4.5. మొత్తం 56.5. 60 కోస్తే ఒక వైపు 3.5 మి.మీ. ఎక్కువొచ్చి బెజ్జాలు కలవవు. క్యాడ్‌లో షీట్ మెటల్ విభాగం ఈ లెక్క తానే చేస్తుంది. అందుకే రేకు భాగాన్ని మామూలు ఎక్స్‌ట్రూడ్‌తో గీయకుండా ఆ విభాగంలోనే గీయాలి. వంచే షాపులో ఏ వ్యాసార్ధం వస్తుందో మాత్రం ముందే అడగాలి, సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు.

బరువు గురించి కొద్దిగా. ప్రతి భాగానికీ మెటీరియల్ కేటాయించడం రెండు క్లిక్కుల పని, చాలామంది వదిలేస్తారు. 300 ఇంటూ 200, 3 మి.మీ. మందం ప్లేటు అల్యూమినియంలో 486 గ్రాములు, ఇనుములో 1.4 కిలోలు, యాక్రిలిక్‌లో 212 గ్రాములు. బరువు కేంద్రం ఎక్కడుందో కూడా మోడలే చూపిస్తుంది. చేయి చాచినప్పుడు అది ముందు చక్రాలు దాటిపోతే రోబో ముందుకు బోర్లా పడుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్, ఎవరి చేతిలో

ఈ ప్రశ్న అందరూ మొదట అడుగుతారు, నిజానికి చివర్లో రావాల్సింది. స్కూలు జట్లకు ఆన్‌షేప్ బాగా కుదురుతుంది. బ్రౌజర్‌లో నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ చాలు, నలుగురు ఒకే డాక్యుమెంట్‌లో ఒకేసారి పనిచేయొచ్చు, ప్రతి మార్పూ చరిత్రగా నిలిచి ఉంటుంది. నెట్ పోతే పని ఆగుతుంది, అదే దాని బలహీనత. ఫ్యూజన్ విద్యార్థులకు ఉచితమే. అందులో ముందు కాంపోనెంట్ (విడిగా కదపగలిగే భాగం) సృష్టించి తర్వాతే స్కెచ్ మొదలుపెట్టాలి. ఇది పాటించకపోతే రోబో అంతా ఒకే కాంపోనెంట్‌లో బాడీల గుట్టగా మారి, ఏ జాయింటూ పెట్టలేని స్థితి వస్తుంది. కాలేజీ ల్యాబులో సాలిడ్‌వర్క్స్ ఉంటే దాన్ని వదులుకోనక్కర్లేదు, కానీ జట్టంతా ఒకే వెర్షన్‌లో ఉండాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో మామూలుగా తెరుచుకోదు. లైసెన్సు బాధ అసలే వద్దనుకునేవాళ్లకు ఫ్రీక్యాడ్ ఉంది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో, మొదట గీసిన స్కెచ్ మారిస్తే దాని మీద కట్టిన తర్వాతి భాగాలు తెగిపోయే పాత రోగం చాలావరకు తగ్గింది.

సాఫ్ట్‌వేర్ ఏదైనా, క్యాడ్ అంతా ఒక్కరి చేతిలో పెట్టడం జట్టుకు చేటు. పరీక్షలొచ్చి ఆ ఒక్కరూ రాకపోతే వర్క్‌షాపులో పది మంది ఖాళీగా కూర్చుంటారు. లేఅవుట్ స్కెచ్ మార్చే హక్కు ఒకరికే ఇచ్చి, చేయి, డ్రైవ్, గ్రిప్పర్ వేర్వేరు ఇద్దరిద్దరికి అప్పగించాలి. ఇద్దరిలో ఒకరు గీస్తే మరొకరు కొలుస్తారు, వారానికోసారి పాత్రలు మార్చుకుంటారు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' లాంటి ఫైలు పేర్లు నిషేధించాలి. కటింగ్‌కు పంపిన రోజు వెర్షన్ ఒకటి తేదీతో భద్రపరిచి, ఆ వెర్షన్‌ను ఇక ఎవరూ ముట్టుకోకూడదు.

రోబో తయారయ్యాక మోడల్ పని అయిపోయిందని మూసేస్తారు. అప్పటికి వర్క్‌షాపులో ఆకురాయితో పెద్దది చేసిన బెజ్జాలు, వాషర్లు వేసి జరిపిన బేరింగులు, హాక్సాతో కోసేసిన మూలలు ఎన్నో ఉంటాయి. అవేవీ మోడల్‌లో ఉండవు. వచ్చే ఏడాది జూనియర్లు అదే ఫైలు తెరిచి, అదే ప్లేటు కోయించి, అదే చోట మళ్లీ ఆకురాయి పడతారు. ఏ భాగాన్ని చేత్తో సవరించినా ఆ రోజే ప్రింటు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాలి, శనివారం సాయంత్రం ఆ గుర్తులన్నీ మోడల్‌లోకి ఎక్కించాలి. వెర్నియర్ పక్కనే ఒక నోట్‌బుక్ ఉండాలి. అందులో ఒక వరుసలో గీసిన సైజు, పక్క వరుసలో కోసి వచ్చిన సైజు, దాని పక్కన బేరింగ్ పట్టిందా జారిందా అన్న ఒక్క మాట.